గుడ్డు లేదండీ!

నాకు గుడ్డు పట్టుకునే జబ్బు ఉండేది. ఎవరి గృహప్రవేశానికో, పుట్టినరోజుకో వెళ్తే, పళ్ళెంలో కేకు ముక్క పెట్టగానే ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి వాసన చూసేదాన్ని. బేకరీలో కర్రీ పఫ్ మీద తళతళ కనిపిస్తే "పైన సొన రాశారా బాబూ?" అని అడిగేదాన్ని. ఆ కుర్రాడు "వెజ్ పఫే మేడమ్" అనేవాడు. "లోపలి కూర సంగతి నాకు తెలుసు, పైపూత సంగతి చెప్పు" అని నేను. ఆ అడగడంలో న్యాయం ఉంది లెండి. పఫ్ మీద ఆ బంగారు రంగు చాలాచోట్ల సొన పూస్తేనే వస్తుంది, ఎగ్ పఫ్‌కీ వెజ్ పఫ్‌కీ ఒకే బ్రష్షు తిరగడం కూడా మామూలే. తప్పంతా ఆ తర్వాత ఉంది. అడగడం అయ్యాక వెనక్కి తిరిగి, వరసలో నిలబడ్డవాళ్ళను ఒకసారి చూసేదాన్ని. 'మీకెవరికీ ఇది తట్టలేదు కదూ' అన్న చూపు. ఆ చూపుకి శాస్తి జరిగింది. ఎలా జరిగిందో చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

పుట్టింట్లో గుడ్డు గడప దాటి రాలేదు. మెట్టినింట్లోనూ అంతే. పిల్లలు పుట్టాక వాళ్ళ పుట్టినరోజులకు కేకు కావాలని గోల. బయట కొనడానికి నమ్మకం చాలక నేనే నేర్చుకున్నాను. కేకులో గుడ్డు పెద్ద పనిమంతురాలు. గాలిని పట్టి ఉంచుతుంది, పిండి విడిపోకుండా చూస్తుంది, మెత్తదనం ఇస్తుంది. ఆ పనులన్నీ వేరేవాళ్ళకు పంచాలి. పెరుగులో వంటసోడా వేస్తే పొంగుతుంది. డబ్బా మిల్క్‌మెయిడ్ వేస్తే పట్టూ తీపీ వస్తాయి. చివర్న ఒక చెంచా వెనిగర్. ఓవెన్‌లో పెట్టేముందు పిండిని ఎక్కువ కలిపితే సాగుతుంది, తక్కువ కలిపితే ఉండలు కడుతుంది. ఇదంతా చేతికి పట్టాక, అడిగినవాళ్ళకల్లా చెప్పడం మొదలుపెట్టాను. అడగనివాళ్ళకు కూడా.

అలా విజయవాడ సత్యనారాయణపురంలో మా వంటింటి నుంచే చిన్న వ్యాపారం మొదలైంది. రిజిస్ట్రేషన్ చేయించాను. అట్టపెట్టెలు కొట్టించాను. పెట్టెమీద అంటించడానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉన్న స్టిక్కర్లు ఒక చుట్ట మొత్తం తెప్పించాను. ప్రతి పెట్టె మీదా చుక్క నా చేత్తోనే అంటించేదాన్ని, వంకర పోకుండా, గోటితో నొక్కి మరీ. ఫోన్లో ఎవరు ఏమడిగినా నా మొదటి మాట ఒకటే: "గుడ్డు లేదండీ!"

మొదట్లో అన్నీ మామూలు కేకులే. తర్వాత జనం రుచులు మారాయి. మూస్ కావాలన్నారు, ఓవెన్‌లో పెట్టకుండా చేసే చీజ్ కేక్ కావాలన్నారు, అద్దంలో మొహం చూసుకున్నట్టు మెరిసే గ్లేజ్ కావాలన్నారు. నేర్చుకోవడానికి ఒక క్లాసుకి వెళ్ళాను. అక్కడ రాసుకున్న కాగితంలో 'జెలటిన్, రెండు చెంచాలు, చల్లనీళ్ళలో నానబెట్టాలి' అని ఉంది. బేకరీ సామాన్ల కొట్టులో అడిగితే, ఒక ప్లాస్టిక్ పొట్లం ఇచ్చారు. పిన్ను కొట్టిన చీటీ మీద పేరూ ధరా తప్ప ఇంకేమీ లేవు. చుక్క లేదు, తయారుచేసినవాళ్ళ పేరు లేదు. "సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ లాంటిదేనా?" అని అడిగాను. "అదే మేడమ్, పౌడర్‌లా వస్తుంది" అన్నాడు కొట్టులో అబ్బాయి. పఫ్ మీద పూత గురించి పోలీసులా ఆరా తీసినదాన్ని, ఈ ఒక్క మాటకు తల ఊపి డబ్బులిచ్చి వచ్చేశాను.

ఎందుకు నమ్మానంటే, నమ్మడం నాకు లాభం కనుక. ఆ పొడి చేసే పని చూస్తే మతి పోయేది. లేత పసుపు పలుకులు. చల్లనీళ్ళలో చల్లితే కాసేపటికి సగ్గుబియ్యంలా ఉబ్బి, గిన్నె అంచులు వదిలి కదులుతాయి. కాస్త వేడి తగిలితే కరిగి నీళ్ళయిపోతాయి. ఆ నీళ్ళు క్రీములో కలిపి ఫ్రిజ్‌లో పెడితే రాత్రికి రాత్రి వణకని మూస్. కత్తితో కోస్తే అంచు నిలబడుతుంది, నోట్లో వేసుకుంటే నాలుక మీద ఉందో లేదో తెలియకుండా జారిపోతుంది. ఇంత మంచిగా ప్రవర్తించే వస్తువును ఎవరైనా 'నువ్వెవరి బిడ్డవి?' అని అడుగుతారా?

అడిగారు. ఇద్దరు అడిగారు. నేనే వినలేదు.

మొదట అడిగింది మా అత్తగారు. ఆవిడకు కేకులంటే గౌరవం లేదు. మైదా అరగదని ముట్టుకునేవారు కూడా కాదు. కానీ వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని నేను చేసేదంతా చూసేవారు. ఒకరోజు మూస్ చూసి, "పాకం పట్టలేదు, పిండి పొయ్యిమీద ఉడికించలేదు, గుడ్డు లేదంటావు. మరి ఎలా గట్టిపడుతోందే?" అన్నారు. ఎంత సరైన ప్రశ్న! అరిసెల పాకం వేలితో చూసి చెప్పగలిగిన మనిషి. ఏదైనా గట్టిపడిందంటే దాన్ని గట్టిపరిచింది ఒకటి ఉండాలని ఆవిడకు తెలుసు. 1983లో వనస్పతిలో గొడ్డుకొవ్వు కలుస్తోందని దేశమంతా గగ్గోలెత్తినప్పుడు, పేపర్లో చదివిన రోజే వనస్పతి డబ్బా వీధిలో పారబోయించిన మనిషి కూడా. నేనేమన్నాను? "అది సముద్రపు నాచు అత్తయ్యా, మీకు తెలీదు" అన్నాను. ఆవిడ 'సరే' అన్నారు. ఆ 'సరే'లో నమ్మకం ఎంతుందో ఇప్పుడు అర్థమవుతోంది.

రెండోది మా ఇంట్లో పనిచేసే ఆవిడ. నానిన జెలటిన్ పొయ్యిమీద వెచ్చబెడుతుంటే ఒక రకమైన వాసన వస్తుంది. నాకది మందుల వాసనలా అనిపించేది. అందుకే రెండు చుక్కలు వెనిలా ఎక్కువ పోసేదాన్ని. ఆవిడ గిన్నెలు తోముతూ తల ఎత్తి, "అమ్మా, ఏంటి కాళ్ళ పులుసు వాసనొస్తంది?" అంది. నాకు కోపం వచ్చింది. మా వంటింట్లో మేకకాళ్ళ పులుసు మాటేమిటి! "నీ ముక్కు నిండా అదే ఉంటే నేనేం చేయను" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నవ్వలేదు కూడా. ఇంకో నెల తిరిగేసరికి నన్ను చూసి నేనే నవ్వుకోవాల్సి వచ్చింది.

ఇంతలో వన్‌టౌన్ నుంచి ఒక మార్వాడీ కుటుంబం నా కేకులకు అలవాటు పడింది. జైనులు. ఆ ఇంటి పెద్దావిడ మాట్లాడే తెలుగు మన తెలుగే, మధ్యలో 'బేటా' ఒక్కటే వేరు. మొదటిసారి ఆర్డరిచ్చినప్పుడు క్యారెట్ కేక్ చెయ్యనా అంటే, "నేలలోపల పెరిగేవి మేం తినం బేటా" అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్ళు పులకరించింది. ఎట్టకేలకు నాకు తగ్గ మనిషి దొరికింది అనుకున్నాను. ఇద్దరం ఫోన్లో గుడ్ల మీద అరగంట మాట్లాడుకున్నాం. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ పుట్టినరోజైనా నా మామిడి మూసే. ఆవిడ రెండు ముక్కలు తింటారని కోడలు చెప్పేది. నేను పొంగిపోయేదాన్ని.

సీతంపేట అనాసకాయలు నా కొంప ముంచాయి. తేల్చాయి అనాలేమో. శ్రీకాకుళం వైపు ఉద్యోగం చేసే బంధువొకాయన వస్తూ వస్తూ బస్తాడు తెచ్చాడు. ఇల్లంతా వాసన. నేను ఎప్పుడూ డబ్బాలో వచ్చే అనాస ముక్కలే వాడతాను, ఈసారి తాజాది కదా అని రసం తీసి మూస్ చేశాను. పొద్దున ఫ్రిజ్ తెరిస్తే పాయసం. సరే, జెలటిన్ తక్కువైందేమోనని మళ్ళీ ఎక్కువ వేసి చేశాను. మళ్ళీ పాయసమే. సాయంత్రం డెలివరీ ఉంది. గాభరాగా మా అక్క కూతురికి ఫోన్ చేశాను. అది బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, చేతులు క్రీములో పెట్టుకుని మాట్లాడుతున్నాను.

"పిన్నీ, అనాస పచ్చిదే వేశావా, ఉడికించావా?"

"పచ్చిదే. తాజాగా ఉంది కదా అని."

"అయితే గట్టిపడదు. పచ్చి అనాసలో బ్రోమెలైన్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. ప్రోటీన్‌ని ముక్కలు ముక్కలు చేసేస్తుంది. డబ్బాలోదైతే ముందే వేడిచేస్తారు, అందుకని అది చచ్చిపోతుంది. నీ జెలటిన్ ఎంత వేసినా అనాస దాన్ని తినేస్తుంది."

"నాచులో ప్రోటీన్ ఎక్కడిదే?"

అవతల కాసేపు మాట లేదు. "పిన్నీ... నువ్వు జెలటిన్ దేనితో చేస్తారనుకుంటున్నావు?"

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి మా పనావిడ అందుకుంది. "బొప్పాయి ముక్కేసినట్టే కదమ్మా. ముదురు మాంసం ఉడక్కపోతే పచ్చి బొప్పాయేస్తాం. మెత్తగా అయిపోద్ది."

బాపట్ల చదువూ మా వంటింటి చీపురూ ఒకే మాట మీదికి వచ్చాయి. అనాస నా మూస్‌లో మాంసాన్ని పట్టుకుంది. కేకు ముక్క వాసన చూసి గుడ్డు పట్టే నేను పట్టలేనిది, ఒక పండు పట్టింది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. జెలటిన్ అంటే పశువుల, పందుల తోళ్ళలోనూ ఎముకల్లోనూ ఉండే కొల్లాజెన్ నుంచి తీసేది. చేపల చర్మం నుంచి కూడా తీస్తారు. ఎముకలను ఆమ్లంలో నానబెడితే అందులోని సున్నం కరిగిపోయి మెత్తటి పదార్థం మిగులుతుంది. దాన్ని సున్నపు నీళ్ళలో వారాల తరబడి ఉంచి, కడిగి, వేడినీళ్ళలో సారం దించి, ఆరబెట్టి పొడి చేస్తారు. కాళ్ళ పులుసు చల్లారితే పైన గడ్డకడుతుందట. మా పనావిడ చెప్పింది. అదీ ఇదీ ఒకటే సరుకు, ఒకటి గిన్నెలో, ఇంకొకటి పొట్లంలో. అది నోట్లో అంత అందంగా కరగడానికి కారణం కూడా తెలిసింది. జెలటిన్ మన ఒంటి వేడికి కాస్త తక్కువలోనే కరుగుతుంది. నేను ఇన్నాళ్ళూ నా చేతి చలవ అనుకున్నది అదన్నమాట.

మా ఆయన పక్కన కూర్చుని అంతా విన్నారు. "అయితే మొన్న రాత్రి నేను తిన్నది?" అన్నారు. "తిన్నారు" అన్నాను. కాసేపాగి, "బాగుంది మరి" అన్నారు. ఆ మాటకు నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చేసిన తప్పేమిటో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు అల్మారా మొత్తం బల్లమీద పరిచాను. ఇక చూడండి నా పరువు. పిల్లల కేకుల మీద బొమ్మలు చేసే ఫాండెంట్ డబ్బా మీద సన్నటి అక్షరాల్లో జెలటిన్. ఇంద్రధనుస్సు కేకులో మబ్బుల కోసం పెట్టే మార్ష్‌మాలోలు నిలువునా జెలటిన్. మరిది అమెరికా నుంచి తెచ్చిన ఎర్రరంగు సీసా ఉంది. "ఇది సహజమైన రంగు, మన బజారు రంగుల్లా కెమికల్ కాదు" అని కస్టమర్లకు గొప్పగా చెప్పి, దానికి వంద రూపాయలు ఎక్కువ తీసుకునేదాన్ని. సీసా మీద కార్మిన్ అని ఉంది. కాక్టస్ మొక్కల మీద బతికే కోచినీల్ పురుగులను ఎండబెట్టి తీసే రంగు అది. పెరూ దేశంలో పెంచుతారు. 2012లో అమెరికాలో స్టార్‌బక్స్ తన స్ట్రాబెర్రీ పానీయంలో ఇదే రంగు వాడుతోందని శాకాహారులు గోల చేస్తే, టమాటాల నుంచి తీసే లైకోపీన్‌కి మారింది. నేను చిన్నచూపు చూసిన బజారు ఎర్రరంగు ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసిందే కానీ, అందులో పురుగు లేదు. సహజం సహజం అని నేను వంద రూపాయలకు అమ్మింది పురుగుని.

స్పాంజి గుల్లగా రావడానికి వేసే కేక్ జెల్ మీద 471 అని అంకె ఉంది. అది పామాయిల్ నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. అంకె చూసి చెప్పలేం. దీనిమీద నాకు ఒక్కదానికే కాదు, కోర్టుకు కూడా చిరాకు వచ్చింది. 2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ఒక కేసులో, పదార్థాలను అంకెలతో రాసి ఊరుకోవడం చాలదు, అది మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ప్రయోగశాలలో తయారైందా అన్నది కూడా చెప్పాలి అంది. జంతువు నుంచి వచ్చింది ఎంత కొంచెం కలిసినా అది మాంసాహారమే అవుతుందని కూడా చెప్పింది. ఆ తీర్పు గురించి చదువుతూ, కోర్టులో ఎవరో వేలెత్తి నన్నే చూపిస్తున్నట్టు కుర్చీలో కుంచించుకుపోయాను. నా జెలటిన్ పొట్లం చీటీ మీద అంకె కూడా లేదు. నేను అడగలేదు.

అన్నిటికన్నా నన్ను ఆడుకున్నవి వెండి పూసలు. కేకు మీద చల్లే ఆ చిన్న మెరుపు గుళ్ళ మీద పూత షెల్లాక్, ఐఎన్‌ఎస్ 904. అంటే లక్క. మోదుగ, రేగు, కుసుం చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు విడిచే జిగురు. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది లక్కే, లాడ్ బజార్ గాజుల్లో ఉండేదీ లక్కే. ఆ బొమ్మను చిన్నప్పుడు నేను నోట్లో పెట్టుకుని నమిలితే మా అమ్మ వీపు మీద ఒకటి ఇచ్చింది. ఇప్పుడు అదే పూతను కేకు మీద చల్లి అందరి పిల్లలకూ పెడుతున్నాను. ఇక దీన్నయినా మాంసాహారంలో కలిపి పాపపరిహారం చేసుకుందామంటే, చట్టం నాకు అడ్డొచ్చింది. మన ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల్లో పురుగులు మాంసాహారమే అని రాసి ఉంది. ఆ వెంటనే పాలు, తేనె, తేనెమైనం, లక్కలకు మినహాయింపు కూడా ఉంది. పురుగు మాంసాహారం, పురుగు జిగురు శాకాహారం. కాబట్టి నా వెండి పూసల డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చట్టప్రకారం సక్రమం. 2001 నుంచి మనమంతా కళ్ళకద్దుకుంటున్న చుక్కే అది. లక్క విషయంలో నేను ఇంకా ఎటూ తేల్చుకోలేదు. డబ్బా మాత్రం పై అరలో ఉంది, పారేయలేదు. ఖరీదైంది.

సరే, పాశ్చాత్యుల తిండి వదిలేద్దాం, మన మిఠాయిలు ఉన్నాయి కదా అని నన్ను నేను ఓదార్చుకోబోయాను. అప్పుడు వెండి రేకు గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ క్రితం హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ దగ్గరి సందుల్లో నడుస్తుంటే అరుగుల మీద కూర్చుని సుత్తులతో కొడుతున్న వరఖ్ పనివాళ్ళను చూశాను. తోలు అట్టల పుస్తకంలాంటి దాన్ని పెట్టుకుని, ఒక వరసలో, చేతులు మారుస్తూ టక్ టక్ అని కొడుతున్నారు. ఆ దెబ్బల్లో తాళం ఉందని మురిసిపోయి నిలబడ్డాను. పుస్తకం దేనితో చేశారని తోచలేదు. పాతకాలపు పద్ధతిలో వెండి ముక్కల మధ్య పెట్టేవి పశువుల పేగుల నుంచో తోళ్ళ నుంచో తీసిన పల్చటి పొరలు. వాటికి సాగే గుణం ఉంది కనుక వెండి చిరగకుండా పల్చబడుతుంది. 2016లో మన ఆహార భద్రతా సంస్థే వెండి రేకు తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధమైనది వాడకూడదని నిబంధన పెట్టింది. ఇప్పుడు యంత్రాల మీద కాగితాల మధ్య చేసిన రేకు దొరుకుతోంది. కానీ మా పెళ్ళిలో బాదం బర్ఫీల మీద మెరిసింది ఏ రేకో నాకు తెలుసు. ఆ బర్ఫీ తిని, పక్కవాళ్ళు ఆర్డరిచ్చిన కేకులో గుడ్డు ఉందని పెళ్ళిపందిట్లో మొహం చిట్లించుకున్నది నేనే.

ఇవన్నీ మా అత్తగారికి చెప్పాను. ఏడుస్తానని ఆవిడ అనుకున్నట్టున్నారు, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. నేను పదార్థాల పేర్లన్నీ వరసగా చదివాను. విని, "రోజూ పొద్దున నాకిచ్చే ఆ గొట్టం మాత్ర? అదీ సాగుతూ ఉంటుంది" అన్నారు. ఆ క్యాప్సూల్ గుల్ల కూడా జెలటిన్‌దే! ముట్టుకోవడానికి కూడా ఒప్పుకోని కేకు గురించి ఆవిడకు భయం లేదు, ఏళ్ళ తరబడి నేను నీళ్ళ గ్లాసుతో సహా అందించిన మాత్ర గురించి అడిగారు. డాక్టరు గారిని అడిగి మామూలు బిళ్ళ రాయించుకున్నాం. ఆవిడ ఇంకో మాట అనలేదు. అనుంటే నయంగా ఉండేది.

తర్వాత చైనా గ్రాస్‌తో, అంటే అగర్‌తో కుస్తీ మొదలైంది. ఇది నిజంగానే నాచు. తమిళనాడులో రామేశ్వరం, మండపం తీరంలో ఆడవాళ్ళు సముద్రంలో మునిగి ఇలాంటి నాచు ఏరుకొస్తారు. నేను జెలటిన్‌కి కట్టబెట్టిన పుట్టుక దీనిది. కానీ దీని బుద్ధి వేరు. జెలటిన్ గోరువెచ్చన చాలంటుంది, అగర్ తెర్లకాగితే గానీ కరగదు. చల్లారుతుండగానే, ఫ్రిజ్ దాకా పోకుండానే బిగుసుకుంటుంది. వేడి అగర్‌ని చల్లటి క్రీములో పోశానా, ఎక్కడికక్కడ గడ్డకట్టి మూస్ అంతా రవ్వరవ్వగా అయిపోయింది. ఎక్కువ వేస్తే నోట్లో కరగకుండా పుటుక్కున విరుగుతుంది. తక్కువ వేస్తే కారుతుంది. చివరికి పండు గుజ్జును వెచ్చగా ఉంచి, అందులో అగర్ కలిపి, తెల్ల చాక్లెట్ కరిగించి పోసి, అది ఆరకముందే క్రీము కలుపుకుంటే దారికొచ్చింది. చాక్లెట్‌లో కోకో వెన్న చల్లబడ్డాక గట్టిపడుతుంది, అగర్ భారం సగం అదే మోస్తుంది. పచ్చి అనాస కూడా ఇప్పుడు దీన్నేమీ చేయలేదు. చేసి చూశాను, నిలబడింది.

ఇక అసలు చెప్పాల్సింది. కేకులు కొన్నవాళ్ళకు చెప్పానా?

కొంతమందికి చెప్పాను. మా వీధిలోవాళ్ళకు, దగ్గరవాళ్ళకు, కోప్పడినా మళ్ళీ మాట్లాడతారని నమ్మకం ఉన్నవాళ్ళకు. ఒకావిడ గుడికి వెళ్ళొచ్చింది. ఒకాయన "ఐస్‌క్రీముల్లో ఏముందో దేవుడికే తెలుసు, మీరెందుకు బాధపడతారు" అని నన్నే ఓదార్చాడు. మాంసం తినేవాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళ నవ్వుకి నేను అర్హురాలినే. బేకరీ వరసల్లో నేను వెనక్కి తిరిగి చూసినప్పుడు నిలబడి ఉన్నది వాళ్ళే కదా. మా పనావిడకు విడిగా చెప్పాను, ఆ రోజు నీ ముక్కుని తిట్టాను, తప్పు నాదేనని. "పోన్లెండమ్మా" అంది. ఆ తర్వాత ఏ కొత్త పొట్లం వచ్చినా ముందు ఆవిడే విప్పి వాసన చూస్తోంది. నేను అడగలేదు, ఆవిడే ఆ ఉద్యోగం తీసుకుంది.

వన్‌టౌన్ పెద్దావిడకు మాత్రం చెప్పలేదు. రెండుసార్లు ఫోన్ తీశాను. ఒకసారి వాళ్ళింట్లో ఏదో ఉపవాసం అన్నారు, అలాంటప్పుడు చెప్పడం బాగుండదనుకున్నాను. ఇంకోసారి ఆవిడే ముందు తన మనవరాలి పెళ్ళి కబురు చెప్పారు, శుభమా అని చెబుతుంటే నేనేం చెప్పను అనుకున్నాను. ఇవన్నీ సాకులని నాకు తెలుసు. క్యారెట్ కూడా ముట్టని మనిషి. ఆ ఇంటికి వెళ్ళిన పెట్టెలన్నిటి మీదా చుక్క నేను గోటితో నొక్కి అంటించిందే.

కిందటి వేసవిలో మళ్ళీ ఆర్డర్ వచ్చింది. అదే మామిడి మూస్. బంగినపల్లి గుజ్జు, అగర్, తెల్ల చాక్లెట్. ఏ అనుమానానికీ తావు లేకుండా, వెండి పూసలు కూడా లేకుండా చేశాను. మొదటిసారి ఆ ఇంటికి నిజమైన శాకాహారం పంపుతున్నానని లోలోపల చిన్న సంబరం కూడా పడ్డాను. మర్నాడు పెద్దావిడే ఫోన్ చేశారు.

"బేటా, ఈసారి కేక్ బాగుంది. కానీ ముందులాగా లేదు. ముందు నోట్లో పెడితే కరిగిపోయేది. ఇది కొంచెం గట్టిగా ఉంది. ఏమైనా మార్చావా?"

"చక్కెర కొద్దిగా తగ్గించానండీ" అన్నాను.

"అయ్యో, తగ్గించకు. ముందు చేసినట్టే చెయ్యి."